విరిగిన బిస్కెట్లు లెక్కలోకి రావు

సోమవారం పొద్దున్నే లివరమ్మ పరీక్ష బల్ల ఎక్కి పడుకుంది. కుడి చెయ్యి తల కింద పెట్టుకుని, పక్కటెముకల మీద చల్లటి జెల్ రాయించుకుని, ఊపిరి బిగబట్టి ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయింది. ఏళ్ళ తరబడి ప్రతి సోమవారం చేస్తున్న పనే ఇది. టెక్నీషియన్ యంత్రాన్ని ఆవిడ పక్కకి ఆనించేది. అంకె నాలుగుకి అటో ఇటో ఉంటే ఇత్తడి నాబ్‌ని వెంట్రుకవాసి తిప్పి సరిగ్గా నాలుగుకి తెచ్చేది. "నాలుగు మేడమ్" అనేది. ఆవిడ లేచి కోటు తొడుక్కునేది. దాంతో ల్యాబుకి వారం మొదలైనట్టు లెక్క.

ఈ సోమవారం ఆ మాట రాలేదు.

"ఏమైందమ్మా? ఊపిరాడక చచ్చేలా ఉన్నాను."

"నాబ్ తిరగడం లేదు మేడమ్."

"నూనె చుక్క వెయ్."

"పట్టెయ్యలేదు మేడమ్. చివరికొచ్చేసింది. ఇంక తిరగడానికి చోటు లేదు."

ఇక్కడ లివరమ్మ గురించి కొంచెం చెప్పుకోవాలి. లేకపోతే ఒక నాబ్ తిరక్కపోతే ఇంత కథా అని మీరు మూతి తిప్పుకుంటారు.

ఆ పేరు పెట్టింది ఊరు. ముప్ఫై ఏళ్ళకు పైగా కాలేయం మీద పరిశోధన చేస్తున్న మనిషిని అసలు పేరు పెట్టి పిలవడానికి ఊరికి బద్ధకం. బస్సులో పక్కనున్నవాడు కూల్‌డ్రింక్ సీసా మూత తీస్తే చాలు, తన స్టాపు దాటిపోయినా సరే దిగకుండా, వాడి కాలేయంలో అప్పుడేం జరుగుతోందో వాడికి వివరించేది. పెళ్ళిళ్ళకి అందరూ పిలిచేవారు. భోజనాల దగ్గర మాత్రం ఆవిడ పక్క కుర్చీ ఖాళీగా ఉండేది.

ఇంతా చేసి ఆవిడ కట్టుకున్నది బేకరీ ఆయన్ని. ఎలుకలకి తీపి పెట్టి వాటి కాలేయం ఎలా పాడవుతుందో చూసే రోజుల్లో ఆవిడ రోజూ ఆయన కొట్లో అరడజను కేకులు కొనేది. ఇన్ని కేకులు తినే అమ్మాయి ఇంత సన్నగా ఎలా ఉందా అని ఆయన అబ్బురపడ్డాడు. అవి ఎలుకలకని తెలిసేసరికి ఆలస్యమైపోయింది, మనసు పారేసుకున్నాడు. పెళ్ళయిన మర్నాటి నుంచీ ఉడకబెట్టిన కూరలు తింటున్నాడు.

అయితే ఆవిడ ఇలా తయారవడానికి ఒక కారణం ఉంది, అది నవ్వులాట కాదు. చదువు పూర్తయిన కొత్తలో ఆవిడ పనిచేసే వార్డుకి ఒక దర్జీ ఆవిడ వచ్చింది. కాలేయం గట్టిపడి, పొట్టలో నీరు చేరి, కళ్ళు పచ్చబడ్డాయి. జన్మలో చుక్క ముట్టలేదని ఆ మనిషి చెబుతూనే ఉంది. పెద్ద డాక్టరు నవ్వి, "అందరూ అదే అంటారు" అని కేసు కాగితం మీద తాగుడు అని రాసేశాడు. ఆవిడ పోయింది. పోయాక అయినవాళ్ళే చాటుగా తాగేదేమోనని గుసగుసలాడుకున్నారు. భర్త మాత్రం లివరమ్మ దగ్గరికొచ్చి, "తాగలేదని ఒక్కరైనా నమ్మండమ్మా" అన్నాడు. ఆవిడ నమ్మింది. పరీక్షకని తీసిన ఆ మనిషి కాలేయపు ముక్కని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే నిండా కొవ్వు. తాగని మనిషికి కూడా తాగినవాళ్ళ కాలేయం రావచ్చని రాసి పట్టుకెళితే పెద్ద డాక్టరు మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వుకి ఒళ్ళు మండింది. ఆ మంట మీదే ఇన్నేళ్ళూ పనిచేసింది.

సూది గుచ్చి ముక్క తీస్తానంటే ఎవరూ రారు కాబట్టి ఒక ఇంజనీరుని పట్టుకుని యంత్రం తయారు చేయించింది. పక్కటెముకల సందులోంచి శబ్దం పంపి, అది తిరిగొచ్చే తీరుని బట్టి కాలేయంలో కొవ్వెంతో అంకె చూపిస్తుంది. నాలుగు అంటే ఆరోగ్యం. ఎనిమిది దాటితే జాగ్రత్త పడాలి. ఇంజనీరు ఒకటే మాట చెప్పి పోయాడు. "ఇది నిజాయితీ గలదే గానీ మతిమరుపు ఎక్కువ. నాలుగంటే ఎంతో వారానికోసారి గుర్తు చెయ్యాలి." అందుకని సబ్బుబిళ్ళంత రబ్బరు దిమ్మ ఒకటి ఇచ్చాడు. దాని మీద ఆనిస్తే నాలుగు రావాలి. రాకపోతే రేడియో సౌండు తగ్గించినట్టు నాబ్ తిప్పి తెచ్చుకోవాలి.

మొదటి ఏడే ల్యాబు ఎలుక ఒకటి బోను తప్పించుకుని ఆ దిమ్మని సగం కొరికేసింది. ఆ ఎలుకలకి తిండి అంతలా అలవాటు చేసిందెవరో వేరే చెప్పక్కర్లేదు. కొత్త దిమ్మకి ఆర్డరు పెట్టారు. "అదొచ్చేదాకా నన్ను పెట్టుకోండి," అంది లివరమ్మ. అప్పటికి ఆవిడ కాలేయం కచ్చితంగా నాలుగు. సన్నటి మనిషి, చుక్క ముట్టదు, కేకు ముట్టదు. ఊరంతా గాలించినా అంతకన్నా మంచి కాలేయం ఎక్కడ దొరుకుతుంది? అలా సోమవారాలు మొదలయ్యాయి. అంకె నాలుగు రాకపోతే తప్పు యంత్రానిదే. మేడమ్ కాలేయానిది ఎలా అవుతుంది?

ఆ యంత్రంతో ఆవిడ ఊళ్ళో బ్యాంకు గుమాస్తాల్నీ, టీచర్లనీ, కొట్లవాళ్ళనీ, బస్సులవాళ్ళనీ కొలిచింది. ఎనిమిది దాటిన వాళ్ళందర్నీ ఏరి, తిండి గురించి చెవినిల్లు కట్టుకుని చెప్పి, ఏటేటా మళ్ళీ కొలిచింది. అద్భుతం జరిగింది. అంకెలు తగ్గుతూ వచ్చాయి. పద్నాలుగు వాళ్ళు పదికి, పది వాళ్ళు ఏడుకి, చివరికి చాలామంది నాలుగైదుకి దిగిపోయారు. ఒక ఊరి కాలేయాలు మాటలతోనే బాగుపడ్డాయని ఆవిడ రాసిన వ్యాసాన్ని పెద్ద పెద్ద వాళ్ళు నెత్తిన పెట్టుకున్నారు. ఈ శుక్రవారం నిపుణుల కమిటీ వస్తోంది. వాళ్ళు ఊఁ అంటే ఈ పద్ధతిని అన్ని ఊళ్ళలోనూ పెడతారు, దాన్ని నడపడానికి లివరమ్మకి ఇంకో అయిదేళ్ళు సర్వీసు ఇస్తారు. ఊహూఁ అంటే నెలాఖరుకి ఆవిడ రిటైరైపోతుంది, ల్యాబుకి తాళం పడుతుంది. ఇంట్లో కూర్చుని మొగుడి కంచంలోకి తొంగిచూడటం తప్ప ఆవిడకి వేరే పనుండదు. ఆ ఊహ వస్తేనే ఆవిడకి గుండె జారిపోతోంది, బేకరీ ఆయనకి అంతకన్నా ఎక్కువ జారిపోతోంది.

అదీ సంగతి. ఇక నాబ్ దగ్గరికొద్దాం.

"యంత్రం ముసలిదైపోయింది," అని తేల్చేసింది లివరమ్మ. "నువ్వు పడుకో, చూద్దాం."

టెక్నీషియన్ పడుకుంది. రెండు చూపించింది. వాచ్‌మన్‌ని పిలిచి పడుకోబెట్టారు. అతనూ రెండే. అకౌంట్స్ గుమాస్తా ఒకాయన ఉన్నాడు, మెట్లెక్కితే మూడో మెట్టు మీద ఆగి కిటికీ బయట అందాలు చూసే రకం. ఆయనకి అయిదు.

"మీరు బాగానే తగ్గారే," అంది లివరమ్మ, కానీ ఆ మాట ఆవిడకే నమ్మబుద్ధి కాలేదు.

సరిగ్గా అప్పుడే బేకరీ ఆయన డబ్బా పట్టుకుని వచ్చాడు. ప్రతి సోమవారం విరిగిపోయిన బిస్కెట్లన్నీ ఒక డబ్బాలో పోసి ల్యాబు పిల్లల కోసమని తెచ్చిస్తాడు. అతుక్కుపోయిన ముక్కలు, అంచులు, పొడి. కొట్లో అమ్మడానికి పనికిరావు, పారెయ్యడానికి ఆయనకి చేతులు రావు.

"ఏమండీ, ఆ డబ్బా అక్కడ పెట్టి ఇటొచ్చి పడుకోండి."

"నాకెందుకు? ఇంట్లో నీ నోరుంది, చాలదా. ఇక్కడ నీ యంత్రం కూడానా?"

"వాదించకండి."

ఆయన వాదించలేదు. ఆ ఇంట్లో అది ఎప్పుడో మానేశారు. చొక్కా ఎత్తి పడుకున్నాడు. యంత్రం ఒకటి అంది.

"ఒకటి అంటే మంచిదా, చెడ్డదా?" అన్నాడు.

లివరమ్మ నాబ్ వైపు చూసింది. బతికున్న మనిషి కాలేయంలో కొవ్వు రెండు కన్నా దిగువకి పోదని వయసులో ఉన్నప్పుడు ఆవిడే పుస్తకంలో రాసింది. ఆ మాట ఇప్పుడు కుర్రకారుకి పాఠం. ఆవిడ ఊళ్ళో చెడ్డ కాలేయాలనే ఏటేటా కొలిచింది గానీ మంచి కాలేయాన్ని మళ్ళీ కొలిచి చూసిన పాపాన పోలేదు. కొలిచి ఉంటే ఈ ఒకటి ఏనాడో కనబడేది.

"ఏమోయ్, మాట్లాడవేం? నాకు కాలేయం ఉందా లేదా?"

"ఉంది. మీరు లెండి," అంది నెమ్మదిగా. తర్వాత టెక్నీషియన్ వైపు తిరిగింది. "మనం అప్పట్లో దిమ్మకి ఆర్డరు పెట్టాం కదా, అది రానేలేదా?"

"వచ్చింది మేడమ్. అప్పటికి మీతో అలవాటైపోయిందని విప్పలేదు."

"ఏదీ?"

టెక్నీషియన్ కాఫీ కెటిల్ వైపు చూసింది. కెటిల్ తీగ ప్లగ్గుకి అందదని దాని కింద ఎత్తు కోసం ఒక అట్టపెట్టె పెట్టి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. దాని మీద కాఫీ మరకలు వలయాలు వలయాలుగా ఉన్నాయి. లివరమ్మ కెటిల్ పక్కన పెట్టి, తనే పెట్టె చింపింది. లోపల సీలు తియ్యని దిమ్మ ఉంది. చెక్కుచెదరలేదు.

దిమ్మని ఆనించి, నాబ్‌ని వెనక్కి తిప్పుతూ పోయింది. ఎంత తిప్పినా ఇంకా తిప్పాల్సి వస్తోంది. చివరికి నాలుగు వచ్చింది. అప్పుడు మొగుణ్ణి మళ్ళీ పడుకోబెట్టింది. మూడు. వాచ్‌మన్‌కి ఆరు. గుమాస్తాకి పదిహేను. ఆఖర్న తను పడుకుంది.

టెక్నీషియన్ యంత్రాన్ని ఎత్తి మళ్ళీ ఆనించింది.

"చెప్పమ్మా."

"పన్నెండు మేడమ్."

ఒక్కొక్కళ్ళూ మెల్లిగా గది లోంచి జారుకున్నారు. లివరమ్మ బల్ల మీదే కూర్చుని ఆలోచించింది. తన కాలేయం ఏటేటా కొంచెం కొంచెంగా కొవ్వు పట్టింది. అంకె నాలుగు దాటినప్పుడల్లా ల్యాబు వాళ్ళు యంత్రాన్ని తగ్గించారు. యంత్రాన్ని తగ్గించినకొద్దీ ఊరందరి అంకెలూ తగ్గాయి. ఊరు బాగుపడలేదు. తను చెడిపోయింది, అంతే. మనిషి ఒళ్ళు చేస్తే బట్టలు ఇరుకయ్యాయంటారు గానీ, లోకంలో టేపునే సాగదీసి కొలుచుకున్న మనిషి బహుశా తనొక్కతే.

కానీ తను ఎలా చెడింది? చేతికి అందిన డబ్బా మూత తీసి, ఒక ముక్క నోట్లో వేసుకుని, నములుతూ ఆలోచించింది. రెండో ముక్క నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయింది.

"ఇదిగో, ఇలా రా. ఈ డబ్బా ఎవరు తింటారు?"

టెక్నీషియన్ తలుపు దగ్గర నిలబడి కాళ్ళ వైపు చూసుకుంది. "మీరే మేడమ్."

"మీరందరూ?"

"మీ ముందు బిస్కెట్ ముట్టుకునే ధైర్యం ఎవరికుంది మేడమ్? మేము ఒక్క ముక్క కూడా ఎరగం. మధ్యాహ్నం రాసుకుంటూ మీరే..."

ఇన్నేళ్ళూ ల్యాబు పిల్లలు తినేస్తున్నారనే ఆవిడ అనుకుంది. తను ఎప్పుడో రాసుకుంటూ ఒకటో రెండో అంచు ముక్కలు నోట్లో వేసుకునేది, నిజమే. కానీ అవి విరిగినవి. విరిగిన బిస్కెట్లు లెక్కలోకి రావని ఆవిడ మనసు ఎప్పుడో తీర్మానం చేసుకుని ఆవిడకి చెప్పకుండా అమలు చేసేసింది. శనివారానికి డబ్బా అడుగున పొడి కూడా మిగిలేది కాదు.

ఇంటికొచ్చాక మొగుడి ముందు కూలబడి అంతా చెప్పింది. ఆయన ముందు ముక్కున వేలేసుకున్నాడు. తర్వాత చాలా మర్యాదగా, వంటింట్లోకి వెళ్ళి, ఒకసారి నవ్వుకుని వచ్చాడు.

"అయితే నేను ఇన్నేళ్ళు ఉడకబెట్టిన సొరకాయ తిన్నది...?"

"మీ మంచికే. మూడు వచ్చింది కదా."

"పిండి బస్తాలు మోసేవాడికి మూడు రాక ముప్ఫై వస్తుందా? బిస్కెట్ వాసన చూస్తేనే నాకు కడుపులో తిప్పుతుంది. రోజంతా ఆ పొయ్యి దగ్గర నిలబడి చూడు, నీకూ అంతే." ఆయన గొంతు తగ్గించాడు. "శుక్రవారం దాకా ఊరుకో. కమిటీ చూసి పోతుంది. తర్వాత అయిదేళ్ళుంటాయి, మెల్లిగా సర్దుకో. ఎవరికి తెలుస్తుంది?"

ఆవిడ కూడా సరిగ్గా అదే అనుకుంటోంది. సిగ్గుపడాల్సిన మాటే గానీ దాచడం దేనికి, మంగళవారమంతా అదే ఆలోచించింది. కాలేయం ఎంత మంచిదంటే తిండి సరిచేస్తే కొన్ని నెలల్లో కొవ్వు కరిగిపోతుంది. తను చాటుగా తగ్గిపోవచ్చు. నాబ్‌ని చాటుగా వెనక్కి తేవచ్చు. అయిదేళ్ళ సర్వీసు చేతిలో ఉంటే ఊరంతటినీ చాటుగా సరిచెయ్యవచ్చు. ఈ చాటులన్నీ లెక్కేసుకుంటే ఆవిడకి కొంచెం ఊరట కలిగింది.

బుధవారం సాయంత్రం ఆడపడుచు ఊడిపడింది.

ఆడపడుచు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తుంది. టికెట్ లేనివాణ్ణి వాడి మెడ వెనక చెమట చూసి పట్టేస్తుందని డ్రైవర్లు చెప్పుకుంటారు. వదిన సర్వేలో మొదటి ఏడాది నుంచీ ఉంది. అప్పుడు పదకొండు, పోయినసారి నాలుగు లోపు. ఆ మాట రాసిచ్చిన కార్డుకి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంది. శుక్రవారం కమిటీ ముందు నాలుగు మాటలు మాట్లాడేది కూడా ఆవిడే.

"కొత్త బట్టలు కొన్నాను వదినా," అంటూ అన్న బేకరీ నుంచి తెచ్చిన కేకు పెట్టె విప్పి, సోఫాలో కూర్చుని తినడం మొదలుపెట్టింది. "నువ్వు కళ్ళురమకు. నాలుగు లోపే కదా."

లివరమ్మ కళ్ళురమలేదు. అది ఆడపడుచుకి వింతగా తోచింది గానీ నోట్లో కేకు ఉండటం వల్ల అడగలేదు.

"నీ పుణ్యమా అని ఒక డాక్టరు నోరు కూడా మూయించాను తెలుసా," అంది మింగాక. "ఈ మధ్య నీరసంగా ఉంటోందని వెళితే, రక్తం చూసి, కాలేయం ఒకసారి బాగా చూపించుకోండమ్మా అన్నాడు. ఎక్కడో బయటి ఊరి కుర్రాడు. నేనెవరి మరదల్ననుకుంటున్నావని నీ కార్డు తీసి టేబుల్ మీద పెట్టాను. తోక ముడిచాడు."

లివరమ్మకి దర్జీ ఆవిడ కాగితం మీద తాగుడు అని రాసిన చెయ్యి గుర్తొచ్చింది. ఆ చెయ్యి అబద్ధం రాసింది. తన చెయ్యీ అబద్ధమే రాసింది. వాడైనా ఉన్న జబ్బుకి లేని కారణం రాశాడు, తను అసలు జబ్బే లేదని రాసింది. ఫ్రేము కట్టించుకునేంత నమ్మకంగా రాసింది.

"ఆ ప్లేటు కింద పెట్టు," అంది. "నీకో సంగతి చెప్పాలి."

అంతా చెప్పింది. నాబ్, దిమ్మ, డబ్బా, పన్నెండు. ఆడపడుచు ప్లేటు కింద పెట్టలేదు, ఒళ్ళో పెట్టుకుని విన్నది. బేకరీ ఆయన వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఎటు గొడవైతే అటు పరిగెత్తడానికి.

"అంటే నేను తగ్గలేదా?"

"లేదు. రేపు మళ్ళీ చూస్తాను. నా లెక్క ప్రకారం నీకు అప్పుడూ పదకొండే, ఇప్పుడూ పదకొండే. ఆ కుర్రాడు చెప్పింది నిజం. అతని దగ్గరికి మళ్ళీ వెళ్ళు. నేనూ వస్తాను."

ఆడపడుచు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపంతో తిరిగాయో భయంతో తిరిగాయో ఆవిడకే తెలియదు. తర్వాత మెల్లిగా ఒక చూపు చూసింది, బస్సులో ముందు సీటు నుంచి వెనక సీటు దాకా చూసే చూపు.

"ఇన్నేళ్ళూ టికెట్ లేకుండా ప్రయాణం చేశావన్నమాట వదినా. అందర్నీ టికెట్ అడుగుతూ."

లివరమ్మ తలొంచుకుంది.

"నీది ఎంతన్నావు?"

"పన్నెండు."

"నాది పదకొండు?"

"పదకొండు."

ఆడపడుచు కళ్ళు తుడుచుకుంది. ఆ ముఖంలోకి ఏదో వెలుగు రాసాగింది. "కేకులు తినే నాకు పదకొండు. కేకులు తినొద్దని చెప్పే నీకు పన్నెండు." ఆ రెండు అంకెల్నీ ఇంకోసారి నోట్లో తిప్పుకుని, ప్లేటు తీసి టీపాయ్ మీద పెట్టింది. "శుక్రవారం నేను మాట్లాడను. నువ్వే మాట్లాడు. నేను ముందు వరసలో కూర్చుని చూస్తాను."

శుక్రవారం కమిటీ ముగ్గురూ వచ్చారు. పెద్దాయన లివరమ్మతో కలిసి చదువుకున్న కిడ్నీల డాక్టరు. కాలేయం అంటే నోరులేని గేదె అనీ, తెలివంతా కిడ్నీలదే అనీ చదువుకునే రోజుల నుంచీ ఆవిడతో గొడవ. ఆవిడ వ్యాసం చదివి మూడేళ్ళుగా కుళ్ళుకుంటున్నాడు. ఒప్పుకోక తప్పదని మొహం గంటు పెట్టుకుని వచ్చాడు.

లివరమ్మ పాత చార్టులేవీ గోడకి పెట్టలేదు. ల్యాబు మధ్యలో పరీక్ష బల్ల, పక్కన యంత్రం, దాని మీద రబ్బరు దిమ్మ. ముందు వరసలో ఆడపడుచు కొత్త బట్టల్లో కూర్చుంది. చివర్న బేకరీ ఆయన, ఈసారి వట్టి చేతులతో.

"ఈ ఊరి కాలేయాలు బాగుపడలేదు," అని మొదలుపెట్టింది. "బాగుపడ్డాయని నేను రాసింది తప్పు. ఎలా తప్పయిందో చూపిస్తాను." దిమ్మ మీద యంత్రాన్ని ఆనించింది. నాలుగు. తర్వాత కోటు తీసి, బల్లెక్కి, అందరి ముందూ పడుకుంది. టెక్నీషియన్ గట్టిగా చదివింది. "పన్నెండు."

ఆవిడ అలా పడుకునే, ఫ్యానుని చూస్తూ, మిగిలినదంతా చెప్పింది. బిస్కెట్ల దగ్గరికొచ్చేసరికి కమిటీలో చిన్నాయన దగ్గు నటించాడు. ఆవిడకి ముఖం మండిపోయింది, అయినా డబ్బా సంగతి కూడా వదల్లేదు. చెప్పడం అయ్యాక లేచి కూర్చుంటే కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు, గబగబా కోటు తొడుక్కుంది.

కిడ్నీల డాక్టరు ఇలాంటి రోజు కోసం ముప్ఫై ఏళ్ళుగా కాచుకుని ఉన్నాడు. "అందరూ పప్పులో కాలేస్తారు," అన్నాడు. "నువ్వు కాలేయమే వేశావు."

"నవ్వుకో. నవ్వడం అయ్యాక ఇలా వచ్చి పడుకో."

"నేనెందుకు?"

"మెట్లెక్కి వచ్చావు. అప్పట్నుంచీ ఆయాసపడుతున్నావు. కిడ్నీలు చూపించుకుంటావు సరే, పక్కింటిదాన్ని ఎప్పుడైనా పలకరించావా?"

అందరూ చూస్తుంటే కాదనలేకపోయాడు. పడుకున్నాడు. టెక్నీషియన్ అంకె చదవడానికి మొహమాటపడింది. ముందు వరస నుంచి ఆడపడుచు మెడ చాచి, తనే చదివేసింది. "పద్నాలుగు."

కిడ్నీల డాక్టరు బల్ల మీంచి దిగి, చొక్కా లోపలికి దోపుకుంటూ చాలాసేపు గడిపాడు. అప్పుడు అతనికి నవ్వు రాలేదు. "దీన్ని తగ్గించొచ్చా?" అని మాత్రం అడిగాడు, ఆవిడకి వినిపించేంత మెల్లిగా.

"తగ్గించొచ్చు. అదొక్కటే నేను తప్పు రాయలేదు."

వారం తిరక్కుండా కమిటీ నిర్ణయం వచ్చింది. అన్ని ఊళ్ళలో పెట్టే పథకం పక్కన పెట్టారు. వ్యాసం వెనక్కి తీసుకోమన్నారు. నెత్తిన పెట్టుకున్నవాళ్ళు దింపేశారు. చివర్న కిడ్నీల డాక్టరు సొంతంగా ఒక మాట చేర్చాడు. చెడగొట్టింది ఎవరో సరిచెయ్యాల్సిందీ వాళ్ళేనట. ఊళ్ళో ప్రతి ఒక్కరినీ మళ్ళీ కొలిచి, ఎవరికి నిజంగా ఎంతో ముఖం మీద చెప్పేదాకా ఈవిడ రిటైరవడానికి వీల్లేదట. శిక్షగా రాశాడు. ఎంత లేదన్నా అయిదేళ్ళు పడుతుంది. అది చదివి లివరమ్మ కుర్చీలో వెనక్కి వాలి, ఇన్నాళ్ళకి మొదటిసారి కడుపారా నవ్వింది.

బేకరీ ఆయన ఆ సాయంత్రం సొరకాయ బదులు తనకేం కావాలో అది వండుకున్నాడు. ఆవిడ కంచంలో సొరకాయ పెట్టాడు.

తర్వాతి సోమవారం లివరమ్మ అలవాటు కొద్దీ ల్యాబులోకి వచ్చి, కోటు తీసి, బల్ల ఎక్కబోయింది. బల్ల మీద దిమ్మ ఉంది.

"మేడమ్," అంది టెక్నీషియన్, మర్యాదగానే. "మీరిప్పుడు కొలత కాదు, పేషెంటు. బయట వరసలో రండి."

బయట వరండాలో బెంచీల నిండా జనం. బ్యాంకు వాళ్ళు, టీచర్లు, కొట్లవాళ్ళు. తగ్గిందని మురిసిపోయి, ఇప్పుడు మళ్ళీ కొలుస్తారంటే ఆవిడ మీద నిప్పులు కక్కుతూ వచ్చినవాళ్ళు. ఆవిడ కూడా టోకెన్ తీసుకుని వచ్చి చివర్న కూర్చునేసరికి వాళ్ళకి తిట్లు మర్చిపోయినట్టయింది. "మీరూనా?" అన్నాడు అకౌంట్స్ గుమాస్తా. "నేనూనూ," అంది ఆవిడ. ఆయన జరిగి చోటిచ్చాడు. సరిగ్గా ఆవిడకి ముందు టోకెన్ ఆడపడుచుది. సాయంత్రాలు తన రూట్లో మొదటి స్టాపు నుంచి చివరి స్టాపు దాకా ఇద్దరూ నడిచి వెళ్ళాలని, అదే జరిమానా అని అప్పటికే తీర్పు చెప్పేసింది.

వంతు వచ్చింది. టెక్నీషియన్ ఎదురుగా కూర్చోబెట్టి, అందర్నీ అడిగే ప్రశ్నలే అడిగింది.

"తాగుడు అలవాటుందా?"

"లేదు."

టెక్నీషియన్ లేదు అని రాసుకుంది. నవ్వలేదు, మళ్ళీ అడగలేదు. ఆ రాసుకోవడం చూస్తే లివరమ్మకి దర్జీ ఆవిడ గుర్తొచ్చింది.

"తీపి పదార్థాలు?"

"లేవు," అంది, అలవాటు మాట.

పరీక్ష బల్ల మీద నుంచి జెల్ తుడుచుకుంటున్న ఆడపడుచు తల తిప్పి చూసింది.

"బిస్కెట్లు," అంది లివరమ్మ. కాస్త ఆగి, "విరిగినవి," అని చేర్చింది.

టెక్నీషియన్ బిస్కెట్లు అని మాత్రమే రాసుకుంది.